లేదమ్మ

లేక సీసాదే తప్పేమో. అంతకుముందు అందులో ఏ షర్బతు పోశారో, ఏ మందు పోశారో, సరిగ్గా కడిగి ఉండరు. కడగని సీసా ఎన్ని అబద్ధాలైనా చెబుతుంది. కానీ షర్బతుకు ఈ రంగు రాదు. నీళ్ళు పరీక్షించే ఈ ల్యాబులో కొత్తగా చేరినవాళ్ళకు ఆ చివరి మాట పాఠంలా చెప్పేది తనే గనక, ఇప్పుడు తన మాటే తనకు అడ్డం వచ్చి ఆమెకు చిరాకు వేసింది.

గాజు గొట్టం అడుగున తెల్లకాగితం పెట్టి పైనుంచి చూసింది. గులాబీ రంగు. ముదురు కాదు, కొత్త ఎర్రచీర మొదటిసారి నానబెట్టినప్పుడు రెండో నీళ్ళలో మిగిలేంత. కొలిచే యంత్రంలో పెడితే లీటరుకు సున్నా పాయింటు ఒకటి ఎనిమిది మిల్లీగ్రాములని చూపించింది. తాగే నీళ్ళలో క్రోమియం మించకూడదని పెట్టుకున్న హద్దుకు మూడున్నర రెట్లు. గొట్టం తీసి తుడిచి మళ్ళీ పెట్టింది. అంకె కదల్లేదు.

రెండేళ్ళుగా ఈ బల్ల దగ్గర ఊళ్ళోని కుళాయి నీళ్ళన్నిటికీ ఈ పరీక్ష చేస్తూనే ఉంది. ఒక్కసారీ రంగు రాలేదు. రిజిస్టరులో క్రోమియం గడిలో ఎప్పుడూ ఒకటే మాట, "లేదు". ఆ గుండ్రటి అక్షరాలు పేజీల కొద్దీ ఒకదాని కింద ఒకటి బారులు తీరి ఉండటం చూసి, ఆఫీసులో ఎవరో ఆమెకు లేదమ్మ అని పేరు పెట్టారు. వెనకే అనుకునేవారు. విననట్టు ఉండటం ఆమెకు అలవాటైపోయింది. నిజానికి ఆ పేరంటే లోలోపల కాస్త గర్వం కూడా. లేదని చెప్పగలగడం చిన్న సంగతి కాదు. ఊరంతా ఆ మాట మీద నీళ్ళు తాగుతుంది.

ఆమె తువ్వాలుతో చేతులు తుడుచుకుని వరండాలోకి వచ్చింది. బెంచీ మీద ఆ సీసా తెచ్చిన మనిషి, వీధులకు నీళ్ళు వదిలే వాల్వుమాన్, కూర్చుని ఉన్నాడు. యాభై దాటిన మనిషి. ఆమెను చూసి లేచాడు.

"ఏమైందండీ, లేదమ్మగారూ?"

ఆమె ఉలిక్కిపడింది. ఎగతాళేమోనని మొహం చూసింది. ఎగతాళి లేదు. ఆఫీసులో ఎవరో 'వెళ్ళి లేదమ్మని అడుగు' అని పంపించి ఉంటారు, అదే పేరనుకుని గారు కూడా చేర్చి పిలుస్తున్నాడు. కాదని చెప్పబోయి ఊరుకుంది.

"ఈ సీసా ఎక్కడిది?"

"మా ఆవిడ మంచం పక్కన పెట్టుకునే నీళ్ళ సీసా అండి. మూడుసార్లు కడిగి, మళ్ళీ ఆ కుళాయి నీళ్ళతోనే తొలిచి పట్టాను. వచ్చిందాండీ, గులాబీ రంగు?"

"రంగు సంగతి మీకెవరు చెప్పారు?"

"సీసాలు కడిగే పిన్నిగారండి. వస్తే ఉన్నట్టు, రాకపోతే లేనట్టు అంది."

"అంత తేలిక కాదు," అంది ఆమె. "బయటివాళ్ళు తెచ్చిన నీళ్ళు మేం లెక్కలోకి తీసుకోం. పొద్దుటినుంచీ కూర్చున్నారని చూశాను, అంతే."

అతను తల ఊపాడు. అడిగినదానికి జవాబు రాలేదని గ్రహించినా, మళ్ళీ అడగడం మర్యాద కాదనుకున్నట్టు తన సంగతి మొదలుపెట్టాడు.

"శుక్రవారం ఎంక్వయిరీ అండి. వాల్వు రెండురోజులు కట్టేశానని. కట్టేశానండి, కాదనను. మా వీధి చివర ప్లేటింగు షాపు ఉంది చూశారూ, కుళాయిలకీ బంపర్లకీ క్రోమియం మెరుపు పూత పూస్తారు. వాళ్ళ నీళ్ళు నా వాల్వు గుంటలోకి ఊరుతున్నాయి. దిగితే మోకాల్లోతు, పచ్చటి పసుపు. పైపు అతుకు అందులోనే మునిగుంది. నీళ్ళు వదిలినంతసేపూ పైపు బయటికి ఉమ్ముద్ది, కట్టేశాక లోపలికి మింగుద్ది. మాకు రోజూ చూసే సంగతే. పైనవాళ్ళకి నాలుగుసార్లు చెప్పా. ఎవరూ రాకపోతే నేనే కట్టేసి, ఇల్లిల్లూ తిరిగి తాగొద్దని చెప్పా. తర్వాత మీ ల్యాబు కాగితాలు మూడొచ్చాయి. మూడింట్లోనూ లేదు." అతను చిన్నగా నవ్వాడు. "ఇప్పుడేమో లేనిదాన్ని ఉందని పుకారు పుట్టించానంట. తీసేస్తారంటున్నారు. పదహారేళ్ళ సర్వీసండి."

"చూస్తాం," అని ఆమె లోపలికి వచ్చేసింది.

చీఫ్ కెమిస్టు గదిలో ఆమె రంగు వచ్చిన సంగతి క్లుప్తంగా చెప్పింది. ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని విన్నాడు.

"అతని సీసా. అతని చేత్తో పట్టినవి. పక్కనే ప్లేటింగు షాపు," అన్నాడు వేళ్ళు ముడుస్తూ. "ఒక్క చుక్క కలిపితే చాలు కదమ్మా. ఉద్యోగం పోతుందన్నవాడు ఏమైనా చేస్తాడు. తప్పు పట్టను. అయినా అనుమానం ఎందుకు? రేపు మీరే వెళ్ళి మన సీసాల్లో పట్టుకురండి."

ఆ మాట న్యాయంగా ఉంది. ఆమెకు గుండె బరువు కాస్త దిగింది. దిగిందని గమనించి ఆశ్చర్యపోయింది. అతను అబద్ధాలకోరు అయితే బాగుండునని తను కోరుకుంటోంది. ఒక మనిషి ఉద్యోగం పోతుంటే, అతను దొంగగా తేలాలని కోరుకునే ఈ లోపలి మనిషి ఎవరు? వెనక్కి వెళ్ళి ఆ కోరిక ఎక్కడ పుట్టిందో చూడబోయింది. గులాబీ రంగు చూసిన క్షణంలోనే పుట్టింది. అంతకంటే లోపలికి వెళ్ళాలనిపించలేదు.

ఇంటికి వెళ్ళేసరికి భర్త మర్నాటికి చొక్కాలు ఇస్త్రీ చేసుకుంటున్నాడు. ఆమె మొహం చూసి, "ఏంటి, ఎవరైనా ఏమైనా అన్నారా?" అన్నాడు.

"ఒక సీసాలో రంగు వచ్చింది."

"అంటే క్రోమియం ఉన్నట్టా?"

"లెక్కలోకి రాదు. బయటి సీసా."

"వచ్చింది, కానీ రాలేదు," అన్నాడు కాలరు మీద పెట్టె తిప్పుతూ. "నీతో కాపురం చేసి చేసి నాకిది అర్థమైపోతోంది. అదే భయంగా ఉంది."

ఆమె నవ్వింది. భోజనం దగ్గర మంచినీళ్ళ గ్లాసు ఎత్తి, వెలుతురుకు అడ్డం పెట్టి చూసి దించింది. క్రోమియం ఉన్నా ఆ కాస్తకు నీళ్ళకు రంగుండదు, రుచుండదు, వాసన ఉండదు. అది అందరికంటే తనకే బాగా తెలుసు. అయినా చూసింది.

* * *

బుధవారం పదిన్నరకు ఆమె ఆ వీధిలో దిగింది. రెండు అధికారిక సీసాలు, వాటిని పెట్టే చల్లడబ్బా, లేబుళ్ళు, రిజిస్టరు. వీధి మొదట్లోంచే ప్లేటింగు షాపు వాసన తెలుస్తోంది, ఇనప తాళంచెవి నాలుక మీద పెట్టుకున్నట్టు. కుళాయి దగ్గర ఏడెనిమిదిమంది ఆడవాళ్ళు బిందెలతో నిలబడి ఉన్నారు. వాల్వుమాన్ ఎక్కడా లేడు. సస్పెన్షన్‌లో ఉన్నవాడు ఆ దరిదాపులకు రాకూడదని ఎవరో చెప్పారు.

ఆమె కుళాయి మూతిని దూదితో తుడిచింది. గడియారం చూసుకుంటూ అయిదు నిమిషాలు నీళ్ళు పారనిచ్చింది.

"అయ్యో, వదిలేస్తున్నారేంటండీ, ఆ నీళ్ళతో నా రెండు బిందెలు నిండేవి," అంది ఒకావిడ.

"పద్ధతి," అంది ఆమె.

"పద్ధతి మీది, గుక్క మాది," అంది ఇంకో గొంతు. కొందరు నవ్వారు.

సీసా మూత తిప్పి, కుళాయి కింద పట్టింది. నీళ్ళు కాస్త పొంగి వేళ్ళ మీదికి జారాయి. చూపుడువేలికి పొద్దున కాగితం కోసుకున్న గీత ఉంది, అది చురుక్కుమంది. సీసా అడుగున ముందే వేసి ఉంచే ఆసిడ్. సీసాలన్నీ అలాగే వస్తాయి. వేలిని కుళాయి కింద కడుక్కుని, రెండో సీసా నింపి, లేబుళ్ళు అంటించింది.

"ఇన్నిసార్లు వచ్చి పట్టుకెళ్ళారు, ఏం తేల్చారమ్మా?" ముందు నిలబడ్డ ముసలావిడ అడిగింది. ఆవిడ గొంతులో కోపం లేదు.

"ఇదివరకు మూడుసార్లు చూశాం. ఏమీ లేదు."

"మా వాల్వాయన ఉందన్నాడు."

"ఆయనకెలా తెలుస్తుంది? ఇది చూస్తే కనబడేది కాదు."

"మీరైతే చూస్తారు."

"పరీక్ష చేస్తాం."

"అయితే మీకు భయం లేదన్నమాట," అంది ముసలావిడ. "ఎండన పడి వచ్చారు. దాహంగా ఉంటుంది. మీ సీసా నింపుకుని తాగండి తల్లీ."

సంచీ పక్కజేబులోంచి ఆమె సొంత మంచినీళ్ళ సీసా బయటికి కనబడుతోంది, అడుగంటి ఉంది. అందరూ ఆమె వంకే చూస్తున్నారు. వెక్కిరింపుగా కూడా కాదు, పెళ్ళిచూపుల్లో పిల్లను చూసినట్టు జాగ్రత్తగా. ఆమె సీసా తీసి, తొలిచి పారబోసి, నిండా పట్టింది. మూతి దగ్గరకు ఎత్తింది. నీళ్ళు పెదాలకు తగిలాయి. మింగాలి, అంతే. గొంతు తెరుచుకోలేదు. తను ఆజ్ఞ ఇస్తూనే ఉంది, లోపల ఏదో తలుపు గడియ వేసుకుని కూర్చుంది. పెదాల మీద తడి మటుకు మిగిలింది. సీసా దించి, చేతి వెనకవైపుతో పెదాలు తుడుచుకుంది.

"తాగారా?" ఎవరో వెనకనుంచి అడిగారు.

"తాగారు, తాగారు," అంది ముసలావిడ నెమ్మదిగా, ఆమె పరువు కాపాడుతున్నట్టు. "జరగండి, నా బిందె పెట్టుకోనివ్వండి."

దారంతా ఆ నీళ్ళ సీసా సంచీలో ఆమె తొడకు తగులుతూ చల్లగా ఉంది.

* * *

గురువారం పొద్దున ఆమె అందరికంటే ముందు వచ్చింది. ఫ్రిజ్ తాళం చీఫ్ దగ్గర ఉంటుంది కాబట్టి ఆయన వచ్చేదాకా ఆగి, ముందురోజు ఫ్రిజ్‌లో పెట్టిన రెండు సీసాలూ తీసి గొట్టాల్లో పోసింది. మరో మూడు గొట్టాల్లో తన సొంత సీసాలోని నీళ్ళు పోసింది. ఎందుకు పోసిందో తనను తాను అడగలేదు. రంగు తెప్పించే మందు అన్నిటిలోనూ ఒకే పిపెట్టుతో, ఒకే కొలతలో వేసింది. పదినిమిషాలు ఆగాలి. ఆ పదినిమిషాలూ గోడవైపు తిరిగి కూర్చుంది.

తిరిగి చూస్తే, అధికారిక సీసాల నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. సొంత సీసా నీళ్ళు గులాబీ.

ఒకే కుళాయి. ఒకే అయిదు నిమిషాలు. పట్టింది ఒకే చెయ్యి, తనది. ఈసారి ఇంకెవరిమీదా అనుమానం పెట్టే వీల్లేదు. వాల్వుమాన్ అక్కడ లేనే లేడు. మళ్ళీ చేసింది. కొత్త మందు కలుపుకుని మూడోసారి చేసింది. సున్నా పాయింటు ఒకటి ఏడు. సున్నా పాయింటు ఒకటి ఎనిమిది. అధికారిక సీసాలది సున్నా.

అప్పుడు ఆమెకు ఫ్రిజ్ తాళం గుర్తొచ్చింది. రాత్రంతా ఆ రెండు సీసాలూ ఆ తాళం లోపల ఉన్నాయి. సీసాలు మార్చడం ఎంతసేపు? 'అనుమానం ఎందుకు, మీరే పట్టుకురండి' అన్న మాటలోని నిబ్బరం ఇప్పుడు వేరేగా వినిపించింది. తెలిసే అన్నాడు. తన సీసాల్లో ఏమీ రాదని ఆయనకు ముందే తెలుసు. మూడు కాగితాలు కూడా అలాగే వచ్చి ఉంటాయి. ఒంట్లో వేడి జరజరా ఎక్కింది. దానితోపాటు, సిగ్గుపడాల్సిన మాటే అయినా, ఒక తేలికదనం కూడా. దొంగ దొరికాడు. ఏం చెయ్యాలో తెలిసినవాళ్ళకుండే ధైర్యం ఆమెకు వచ్చింది. ముందు సీసాలు ఎన్ని ఉన్నాయో, ఏ నంబరువి ఎక్కడికి పోయాయో లెక్క చూసుకోవాలి. అప్పుడు ఆయన గదికి వెళ్ళాలి.

సీసాలగది వెనకవైపు ఉంటుంది. పిన్ని ముక్కాలిపీట మీద కూర్చుని, చేతికి రబ్బరు తొడుగు వేసుకుని, కడిగి ఆరబెట్టిన సీసాల బారుకు ఒక్కొక్క పిపెట్టు చొప్పున ఆసిడ్ వేసుకుంటూ పోతోంది. వేసి, మూత బిగించి, పక్కకు జరుపుతుంది. చూడకుండానే చెయ్యి తిరుగుతోంది. అరవై దగ్గరపడ్డ ఆవిడ చేతి తీరు చూస్తే పిల్లలకు బొట్లు పెట్టుకుంటూ పోతున్నట్టుంటుంది.

"రా తల్లీ. కూర్చో. ఇవాళ మొహం బాగాలేదే."

"నిన్న నాకిచ్చిన సీసాలు ఏ బారులోవి, పిన్నీ?"

"అదేం ప్రశ్న? అన్నీ ఒకటే బారు. కడిగి ఆరగానే అన్నిటికీ మందు వేసేస్తాగా." ఇంకో సీసా పక్కకు జరిగింది.

ఆమె ఆ సీసా వంక చూసింది. చూపుడువేలి గీత నిన్నటి చురుకును గుర్తుచేసుకుంది. నీళ్ళలోని లోహాలు సీసా గోడలకు అంటుకోకుండా ఆసిడ్ వెయ్యాలి. అది ఆమెకు తెలుసు. ఈ రంగు పరీక్ష పట్టుకునే జాతి క్రోమియం మాత్రం ఆసిడ్‌లో నిలవ ఉంటే నిలబడదు. పాత పైపుల తుప్పు కూడా తోడైతే ఒక రాత్రిలోనే రూపు మార్చుకుని, రంగుకు దొరకని జాతి అయిపోతుంది. అదీ ఆమెకు తెలుసు. పుస్తకంలో ఏ పేజీలో ఉందో కూడా తెలుసు. ఈ రెండు తెలిసిన సంగతులూ ఒకే తలలో రెండేళ్ళు పక్కపక్క గదుల్లో కాపురం ఉండి, ఒకదాన్నొకటి ఒక్కసారీ పలకరించుకోలేదు.

"క్రోమియం రంగు పరీక్షకు కూడా ఇవే పంపుతున్నావా?" గొంతు తనది కానట్టుంది.

"మరి?"

"ఎవరు చెప్పారు?"

పిన్ని చెయ్యి ఆగింది. రబ్బరు తొడుగు వేళ్ళు గాలిలో ఉన్నాయి.

"నువ్వే కదా తల్లీ. ఆ కొత్త యంత్రం వచ్చిన వారం నీ బల్ల దగ్గరికొచ్చి అడిగా, కొత్త పరీక్షకీ ఇవే సీసాలా అని. నువ్వు ఏదో రాసుకుంటున్నావు. ఇవే అన్నావు."

ఆమెకు గుర్తు లేదు. ఎంత వెతికినా గుర్తు రాలేదు. కానీ అలా తల ఎత్తకుండా "ఇవే" అని ఉంటుందని, ఆ మాట స్వరంతో సహా, తన చెవికి వినబడింది. అబద్ధం చెప్పడానికి కూడా ఒకసారి తల ఎత్తాలి. తను అదీ చెయ్యలేదు.

"తప్పా?" అంది పిన్ని.

"నీది కాదు," అంది ఆమె.

బల్ల దగ్గరకు వచ్చి, ఆసిడ్ వేసిన ఖాళీ సీసా ఒకటి తీసుకుని అందులో తన సొంత సీసా నీళ్ళు సగం పోసింది. గంటకొకసారి పరీక్షించింది. మధ్యాహ్నం పన్నెండుకు గులాబీ. రెండింటికి లేత గులాబీ. నాలుగింటికి, చూసేవాళ్ళకు చెబితే తప్ప తెలియనంత. కళ్ళెదుట ఒక నిజం మెల్లగా, ఎవరి ప్రమేయమూ లేకుండా, లేకుండా పోవడం ఆమె కూర్చుని చూసింది.

చీఫ్ గదిలోకి వెళ్ళి గొట్టాలు వరసగా పెట్టి అంతా చెప్పింది. పొద్దున ఆయన మీద పడ్డ అనుమానం సంగతి ఒక్కటే దాచుకుంది. ఆయన సగం వింటూనే ఫోను ఎత్తాడు. ఆ వీధి లైను కట్టెయ్యమన్నాడు. అయిదు ట్యాంకర్లు పంపమన్నాడు. గుంట తోడించి అతుకు బయటపెట్టమన్నాడు. ప్లేటింగు షాపుకు మనిషిని పంపాడు. పావుగంట పట్టలేదు. ఇంత మనిషిని తను దొంగనుకుంది.

ఫోను పెట్టేసి ఆయన తలుపు మూశాడు.

"బాగా పట్టుకున్నారు. కొత్త సీసాల పద్ధతి రేపటినుంచే పెడదాం. ఇవాళ్టి ఫలితం ఇవాళ్టి తారీకుతో వెళ్తుంది. క్రోమియం కొత్తగా కనబడిందని."

"పాతవి?"

"పాతవి పాతవే."

"అతను వాల్వు కట్టినప్పటి మూడు కాగితాలు నావే సార్. ఆ సీసాలతో చేసినవే."

"ఎన్ని నమూనాలమ్మా ఈ రెండేళ్ళలో?"

"నాలుగు వందల పద్దెనిమిది."

"ఆ మూడూ తప్పని రాశారనుకోండి, మిగతావి ఒప్పని ఎవరంటారు? ఊరు ఊరంతా మళ్ళీ పట్టాలి. పొద్దున లేచేసరికి కుళాయి తిప్పడానికి జనం భయపడతారు. ముందు మీ ఉద్యోగం పోతుంది. ఆ తర్వాత నాది." ఆయన గొంతు తగ్గించాడు. "నీళ్ళు ఆపాం. అది కదా ముఖ్యం? అతని సంగతి నేను మాట్లాడతాను. మహా అయితే ఇంక్రిమెంటు ఒకటి ఆపుతారు. మీరు రేపు, ఈ కాగితాలు మా ల్యాబువేనంటే అవునండి అనండి. అవి మన ల్యాబువే కదా. అబద్ధం కూడా కాదు."

ఆ రాత్రి భర్తకు చెప్పింది. 

"నాలుగు వందల పద్దెనిమిదిలో నిజంగా ఎన్నిట్లో ఉండి ఉంటుంది?" అన్నాడు అతను.

"తెలియదు. ఒక్కదాంట్లో కూడా లేకపోవచ్చు."

"తెలియదు అన్నమాట నీ నోట ఇప్పుడే వింటున్నా," అన్నాడు. ఈసారి అందులో పరిహాసం లేదు. అలాగని ఇలా చెయ్యి, అలా చెయ్యి అనీ అనలేదు. అంటే బాగుండునని ఆమె ఎదురుచూసింది. అతను దీపం తీసేశాడు.

* * *

ఎంక్వయిరీ గదిలో గాజుపలక పరిచిన పొడవాటి బల్ల. దాని అవతల విచారణాధికారి, పక్కన టైపు చేసుకునే గుమాస్తా. ఇవతల ఒక చివర చీఫ్, ఆయన పక్కన ఆమె. రెండో చివర వాల్వుమాన్. చొక్కా బొత్తాములు మెడదాకా పెట్టుకుని, చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక ఒడిలో పెట్టుకున్నాడు. రోజుల తరబడి వాల్వు చక్రం తిప్పని అరచేతులు అక్కడక్కడ పొరలు లేస్తున్నాయి. ఆమెను చూసి సగం లేవబోయాడు.

"నమస్కారమండి, లేదమ్మగారూ."

గుమాస్తా పెదవి కొరుక్కుని కిందికి చూశాడు. అధికారి అటూ ఇటూ చూసి, "ఆవిడ పేరు ఇక్కడ వేరేగా ఉందే," అన్నాడు. చీఫ్ దగ్గాడు. వాల్వుమాన్‌కు ఏదో అర్థమైంది. చెవులు ఎర్రబడ్డాయి. "క్షమించాలండి, నాకు తెలియక," అన్నాడు.

"ఫర్వాలేదు," అంది ఆమె.

అధికారి చెడ్డమనిషిలా లేడు. ఫైలు ఒక్కొక్క కాగితం తిప్పుతూ, అర్థం చేసుకోవాలని నిజంగా ప్రయత్నిస్తున్నవాడిలా నుదురు ముడిచాడు.

"నిన్నటి తారీకు కాగితం ఇది. క్రోమియం ఉంది. సరే, నీళ్ళు ఆపారు. మంచిపని. కానీ నా ముందున్న విషయం అది కాదు. ఈయన వాల్వు కట్టింది రెండు నెలల కిందట. ఇంటింటికీ తిరిగి విషం అని చెప్పిందీ అప్పుడే. ఆ వారంలోనే ల్యాబు మూడుసార్లు చూసి లేదంది." వాల్వుమాన్ వైపు తిరిగాడు. "ఏమయ్యా, అప్పుడు లేనిది నీకెలా కనబడింది?"

"గుంటలోకి దిగి చూశానండి."

"నువ్వు దిగి చూస్తే తెలిసిపోయేదానికి ఇంత ల్యాబు, ఇన్ని యంత్రాలు ఎందుకు?"

వాల్వుమాన్ నవ్వబోయి మానుకున్నాడు. అతనికి జవాబు తెలుసు. ఈ గదిలో ఆ జవాబు పనికిరాదనీ తెలుసు. ఆ సంగతి అతని భుజాలు కిందికి దిగడంలో ఆమెకు కనబడింది. గొడవ పడేవాడైతే ఆమెకు ఇంత కష్టంగా ఉండేది కాదు.

"సార్," అన్నాడు చీఫ్ మెల్లగా, "మనిషి పాతవాడు. ఉద్దేశం చెడ్డది కాదు. కాస్త చూసి..."

"చూడటానికి నాకు దారేది? రికార్డు ప్రకారం, శుభ్రమైన నీళ్ళను రెండురోజులు ఆపి, జనాన్ని బెదరగొట్టాడు. సిఫార్సు ముందే వచ్చేసింది, తొలగింపు. దాన్ని మార్చాలంటే రికార్డులో ఏదైనా ఉండాలి. నా జాలి రికార్డు కాదు కదా." ఆయన మూడు కాగితాలు ఫైలులోంచి తీసి, వరసగా గాజుపలక మీద ఆమె ముందుకు జరిపాడు. "మీరు పరీక్ష చేసినవేగా ఇవి? అవునంటే గుమాస్తా రాసుకుంటాడు. అయిపోతుంది."

గుమాస్తా వేళ్ళు మీటల మీద ఆగాయి. చీఫ్ ఆమె వైపు చూడటంలేదు. ఎదుటి గోడ మీద క్యాలెండరు చూస్తున్నాడు, ఎంతో శ్రద్ధగా.

మూడు కాగితాల్లోనూ తన అక్షరాలే. పొందికగా, ఏ తడబాటూ లేకుండా. ఎవరో చాలా నమ్మకమైన మనిషి రాసినట్టున్నాయి. అవును అంటే అబద్ధం కాదు, చేసింది తనే. ఎంత చిన్న మాట. తల ఎత్తకుండా కూడా అనేయొచ్చు.

ఆమె తల ఎత్తింది. బల్ల రెండో చివర మనిషి తన వంక ఆశగా చూస్తుంటాడనుకుంది. అతను చూడటంలేదు. కిటికీలోంచి బయట ఎక్కడో నీళ్ళు కారుతున్న చప్పుడు వింటున్నట్టు మెడ కాస్త పక్కకు వంచి ఉన్నాడు. ఈ గది మాటలు వినడంకంటే ఆ పని అతను ఎక్కువ జాగ్రత్తగా చేస్తున్నాడు.

"నేనే చేశాను," అంది ఆమె. గుమాస్తా మీటలు రెండు మోగాయి. "ఆగండి. ఇంకా ఉంది."

చీఫ్ క్యాలెండరు మీదనుంచి చూపు తిప్పాడు. "అమ్మా," అన్నాడు, చాలా నెమ్మదిగా.

ఆమె మొదటి కాగితం తన దగ్గరకు లాక్కుంది.  "ఈ ఫలితం తప్పు. ఆసిడ్ వేసిన సీసాలో పట్టడం వల్ల క్రోమియం ఉన్నా కనబడదు. ఆ సీసాలే వాడమని చెప్పింది నేను," అని అడ్డంగా రాసి, కింద సంతకం చేసి, తారీకు వేసింది.

తర్వాత రెండో కాగితం లాక్కుంది.